ఇమ్మాక్యులేట్‌ని తెలుగులో ఏమనాలి?

తిరుపతిలో మాకు చిన్న లాడ్జి ఉంది. రివ్యూల్లో రూములు 'ఇమ్మాక్యులేట్' అని రాస్తుంటారు. కొత్త బోర్డు మీద 'నిష్కళంకమైన గదులు' అని రాయించవచ్చా?

↳ వద్దు సార్! గది మీద ఎవరో నింద వేస్తే కోర్టు కొట్టేసినట్టుంది. కళంకం అనగానే మనకు నడవడికే గుర్తొస్తుంది. 'మచ్చుకైనా మరక లేని గదులు' అని రాయించండి.

లాటిన్‌లో మాక్యులా అంటే మచ్చ, దానికి ముందు 'కాదు, లేదు' అనే ఉపసర్గ చేరింది. కంటి డాక్టర్లు చెప్పే మాక్యులా కూడా అదే, రెటీనా నడుమ ఉండే పసుప్పచ్చటి మచ్చ. నీళ్ళు కొట్టి తుడిస్తే వరండా క్లీన్ అవుతుంది. ఇమ్మాక్యులేట్ అనాలంటే అద్దం మీద వేలిముద్ర ఉండకూడదు, దుప్పటి నలగకూడదు, కొండ మీద గుండు చేయించుకుని వచ్చినవాళ్ళ గంధం తలగడ గలీబుకు అంటిన జాడ కూడా ఉండకూడదు. మీ ఊళ్ళో ఆఖరిదే కష్టం!

↳ 'కడిగిన ముత్యం' సరిపోదా అన్నా?

↳ అది కేసు గెలిచి బయటికొచ్చిన నాయకులకు. కడిగారంటే ముందు బురద పడ్డట్టే కదా. ఇమ్మాక్యులేట్ రికార్డు ఉన్నవాడి మీద అసలు మాటే పడలేదు.

↳ మరి ఆస్ట్రేలియా క్రికెటర్ మెక్‌గ్రాత్ బౌలింగ్‌ని 'ఇమ్మాక్యులేట్ లైన్ అండ్ లెంగ్త్' అనేవాళ్ళు?

↳ అక్కడ 'మరక' అనే మాట పనికిరాదు. 'వంక పెట్టడానికి లేదు' అంటాం. టైమింగ్‌కీ అదే మాట. మనిషి ముస్తాబు గురించైతే 'ఇస్త్రీ మడత నలగకుండా వచ్చాడు' అంటే చాలు, విశేషణమే అక్కర్లేదు.

↳ చిత్తూరు నుంచి ఒక మాట. మా పక్క తమిళ క్రైస్తవుల్లో అమలోర్పవం అనే పేరు ఉంటుంది. అమలం, ఉద్భవం కలిసిన మాట. ఇమ్మాక్యులేట్ కన్సెప్షన్ అంటే అదే.

↳ బాగా గుర్తు చేశారు. నిష్కళంకం సరిగ్గా అతికేది అక్కడే. చాలామంది దాన్ని ఏసు పుట్టుక అనుకుంటారు గానీ, మరియమ్మ తన తల్లి గర్భంలో పడ్డప్పుడే జన్మపాపం అంటలేదన్న నమ్మకం అది. 1854లో తొమ్మిదో పయస్ పోపు దాన్ని సిద్ధాంతంగా ప్రకటించారు. పండుగ డిసెంబర్ 8న.

↳ 'వెరీ ఇమ్మాక్యులేట్' అనొచ్చా?

↳ మామూలుగా అనరు. ఒక్క మచ్చా లేదన్నాక ఇంకా 'చాలా' ఏముంది? నొక్కి చెప్పాలంటే 'అబ్సల్యూట్లీ' చేరుస్తారు. అన్నట్టు, మనం రాయడం 'లేట్' అని రాస్తాం గానీ, పలికేటప్పుడు చివర పొట్టిగా, 'లిట్'కి దగ్గరగా పలకాలి.