మామిడి జీడి పిండితో ప్లాస్టిక్‌లాంటి పొర తీశాను, అప్పడంలా విరుగుతోంది

బంగారుపాళ్యం మామిడి రైతు:
తోతాపురి కాలంలో మా వైపు గుజ్జు ఫ్యాక్టరీల వెనుక టెంకలు గుట్టలుగా పడి ఉంటాయి. రెండు బస్తాలు అడిగితే ఊరికే ఇచ్చారు, పైగా పీడ వదిలిందన్నట్టు చూశారు. కొడవలితో టెంకలు చీల్చి, జీడి ముక్కలు కోసి నానబెట్టి, రుబ్బి, పాత పంచెలో వడగట్టాను. అడుగున తేరిన పిండిని ఆరబెట్టాను. 100 మిల్లీలీటర్ల నీళ్లకు 5 గ్రాముల పిండి, నాలుగు చుక్కల గ్లిసరిన్ వేసి గంజిలా కాచి, స్టీలు పళ్లెంలో పోసి మేడ మీద ఎండబెట్టాను. పొర చక్కగా ఊడి వచ్చింది, ఇంటిల్లిపాదినీ పిలిచి చూపించాను. నాలుగో రోజు మడిస్తే ఫట్‌మని విరిగింది. రెండోసారి గ్లిసరిన్ ఒక చెంచా వేశాను. విరగలేదు కానీ, వాన పడిన రాత్రి బంకలా వేళ్లకు అంటుకుంది. రంగు చూస్తే బొగ్గు కడిగిన నీళ్లే. దీంతో నారు సంచులైనా అవుతాయా?

తిరుపతి, కెమిస్ట్రీ లెక్చరర్:
గంజి చల్లారితే గట్టిపడుతుంది కదండీ, ఇదీ అంతే. కాచినప్పుడు విడిపోయిన పిండి గొలుసులు రోజులు గడిచేకొద్దీ మళ్లీ దగ్గరకు చేరి బిగుసుకుంటాయి. గ్లిసరిన్ వాటి మధ్య దూరి కదలనిస్తుంది. అయితే అది గాలిలోని తేమనూ లాగుతుంది. మీ చెంచాలో దాదాపు 6 గ్రాములు పడుతుంది, అంటే పిండి కంటే ఎక్కువ! 5 గ్రాముల పిండికి 1.5 గ్రాములు తూచి వేయండి. ఎండలో కాకుండా నీడలో నెమ్మదిగా ఆరనివ్వండి. రొయ్యల పెంకుల నుంచి తీసే కైటోసాన్‌ను వెనిగర్ నీళ్లలో కరిగించి కొద్దిగా కలిపితే తడికి కొంత ఓర్చుకుంటుంది, కొంతే. బజారులో దొరికే, పిండితో చేసిన సంచుల్లో సాధారణంగా పిండి ఒక్కటే ఉండదు, పీబీఏటీ (మట్టిలో కలిసే ఒక రకం ప్లాస్టిక్) లాంటి మరో పాలిమర్ కలుపుతారు. మున్ముందు వీటిని మట్టిలో కలిసే సంచులని అమ్మాలనుకుంటే, అలాంటి ప్లాస్టిక్‌కు భారత ప్రమాణమైన ఐఎస్ 17088 పరీక్ష, కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ధ్రువపత్రం తప్పవు. ఆ గొడవ ఇప్పుడే ఎందుకులెండి.

శ్రీకాళహస్తి కలంకారీ పనివాడు:
అన్నా, ఆ నలుపు మాకు అన్నం పెట్టే నలుపు! మేము బట్టను కరక్కాయలో ముంచి, ఇనుము, బెల్లం ఊరబెట్టిన నీళ్లతో గీత గీస్తాం. కరక్కాయ వగరు ఇనుమును తాకగానే నల్లబడుతుంది. మామిడి జీడిలోనూ ఆ వగరే ఉంది. మీ కొడవలి ఇనుముదే కదా? పచ్చి జీడికి ఇనుము తగలనివ్వకండి. పిండి తేరిన ప్రతిసారీ పై నీళ్లు వంపేసి కొత్త నీళ్లు పోయండి. వగరు చాలావరకు పోతుంది.

బంగారుపాళ్యం మామిడి రైతు:
మిగిలిన బస్తా విప్పాను. టెంకలు రాయితో పగలగొట్టి, జీడి స్టీలు కత్తితో కోసి, నీళ్లు ఆరుసార్లు మార్చాను. గ్లిసరిన్ మా బావమరిది వెండి తూచే కాటా మీద పెట్టి వేశాను. పొర ఈసారి లేత టీ రంగులో వచ్చింది, పది రోజులైనా మడత పడుతోంది. దాన్ని రెండు దొప్పలుగా చుట్టి టమాట నారు నాటాను. మొదటిది రెండోసారి నీళ్లు పోయగానే చతికిలబడింది. రెండోదానికి బయట తేనెమైనం పూశాను, అది ఇంకా నిలబడే ఉంది.