రూజ్‌వెల్ట్ మాట: "చాలినంత"నా, "కావలసినంత"నా?

అమెరికా అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ 1937 జనవరి ప్రసంగంలో ఒక వాక్యం ఉంది కదా, ఉన్నవాళ్ళకి ఇంకొంత చేర్చామా అన్నది కాదు మన ప్రగతికి పరీక్ష, లేనివాళ్ళకి "చాలినంత" ఇచ్చామా అనా, "కావలసినంత" ఇచ్చామా అనా? తెలుగులో ఎక్కడో చదివా, ఆ ఒక్క మాటా గుర్తు రావట్లేదు. 1938లో గంటకి 25 సెంట్లతో మొదలైన అమెరికా ఫెడరల్ కనీస వేతనం 2009 నుంచి 7.25 డాలర్ల దగ్గరే ఆగిపోయింది, అక్కడ ప్రగతిశీల రాజకీయం మళ్ళీ లేవాలంటే ఈ వాక్యంతోనే మొదలెట్టాలని నా నమ్మకం.

జవాబు: "చాలినంత"కే నా ఓటు. కావలసినంత అంటే పెళ్ళి భోజనంలో వడ్డించినట్టు. అదే ప్రసంగంలో మూడోవంతు జనానికి సరైన ఇల్లు, బట్ట, తిండి లేవన్నాడు, దానికి కొలత చాలడమే.

జవాబు: ఒప్పుకోను అన్నా. "ఇక చాల్లే" అని పెట్టేవాడూ అనేస్తాడు, 7.25 చాలనేది వాళ్ళే కదా. "కావలసినంత"లో అడిగే హక్కుంది. 1935లో సోషల్ సెక్యూరిటీ (ముసలితనపు పెన్షను) తెచ్చింది దానధర్మంగా కాదు, జీతంలోంచి కట్టి పొందే హక్కుగా.

జవాబు: ఇద్దరూ గురజాడని వదిలేశారు. "సొంత లాభం కొంత మానుకొని", ఆ "కొంత" ఎంతన్నదే అసలు ప్రశ్న. అమెరికాలో 1913లో 16వ సవరణతో ఆదాయపు పన్నుకి దారి పడ్డాకే దానికో లెక్క వచ్చింది. 1944లో పై శ్లాబు 94 శాతం, ఇప్పుడు 37. ఆ "కొంత"ని మళ్ళీ పెంచమని గట్టిగా అడగాలి.

జవాబు: "మానుకొని" కాదు మాస్టారూ, "మానుకు". ఆ గీతం ఛందస్సు ముత్యాలసరం, దాని నడక 3-4-3-4 మాత్రలు, మానుకు నాలుగు మాత్రలు, మీరు రాసింది ఐదు.

జవాబు: అది సరే, తర్వాత "పొరుగువాడికి"నా "పొరుగువానికి"నా? రెండూ మాత్రలకి సరిపోతాయి, ఛందస్సు తేల్చదు. వాడుకభాష కోసం అంత పోరాడిన మనిషి "వాడికి" అనే రాసుంటాడు.

జవాబు: బళ్ళో మాకు "వానికి" అనే నేర్పారండీ. పొరుగువాడంటే గుర్తొచ్చింది, అమెరికా వలసలకి దేశాలవారీ కోటాలు తీసేసిన చట్టం 1965లో వచ్చింది, పెద్దవాళ్ళ ఆరోగ్య బీమా మెడికేర్ చట్టమైన ఏడాదే. డల్లాస్‌లో, న్యూజెర్సీలో ఇన్ని తెలుగు కుటుంబాలున్నాయంటే ఆ చట్టం వల్లే, కాబట్టి ఆ రాజకీయాన్ని నిలబెట్టే బాధ్యత అక్కడున్న మనవాళ్ళకీ ఉంది.

జవాబు: నిజమే అక్కా. గురజాడ గీతం మొదటిసారి అచ్చయిన పాఠం ఎవరి దగ్గరైనా ఉంటే ఫొటో పెట్టండి, వాడికో వానికో తేలుద్దాం.