మ్యాకరోనీ చీజ్ ఓవెన్‌లో పెట్టగానే సాస్ విరుగుతోంది, ఏం మార్చాలి?
పొయ్యి మీద చేస్తే సాస్ నున్నగా వస్తోంది. అదే ట్రేలో పోసి 180 డిగ్రీల దగ్గర 25 నిమిషాలు ఉంచితే అంచుల్లో నూనె తేలి, మధ్యలో రవ్వరవ్వగా ఎండిపోతోంది.

కొలతలివి: ఎల్బో మ్యాకరోనీ 250 గ్రాములు, వెన్న 30, మైదా 30, పాలు అర లీటరు, చెడ్డార్ 200 గ్రాములు. మైదాను వెన్నలో రెండు నిమిషాలు వేయించి, పాలు కొద్దికొద్దిగా పోసి, చిక్కబడ్డాక పొయ్యి ఆపేశాకే చీజ్ కలుపుతున్నాను (మరుగుతుండగా వేస్తే ప్రొటీన్ ముడుచుకుని కొవ్వును వదిలేస్తుంది). చీజ్ అప్పటికప్పుడు తురిమిందే. ప్యాకెట్ తురుముకు అంటుకోకుండా పిండి పూస్తారు, అది సరిగా కరగదు.

మ్యాకరోనీ పూర్తిగా ఉడకడం వల్ల ఓవెన్‌లో సాస్‌లోని తడి పీల్చేస్తోందా? రెండు నిమిషాల ముందే వార్చేసి, పాలు 650 మి.లీ. చేస్తే సరిపోతుందా? లేక చెడ్డార్‌లో మూడో వంతు తగ్గించి ప్రాసెస్డ్ చీజ్ వేయాలా? అందులోని లవణాల వల్ల సాస్ అంత సులువుగా విరగదు, కానీ చెడ్డార్ ఘాటు పోతుంది. సోడియం సిట్రేట్ (చీజ్ విరగకుండా కలిపే లవణం) వాడేవాళ్లు 200 గ్రాముల చీజ్‌కు ఎంత వేస్తున్నారు, ఓవెన్ వేడికి అది నిలుస్తోందా?

గుడ్డు కలిపే పద్ధతి మాత్రం వద్దు. అది ముక్కలు కోసుకునే రకం, నాకు జారుగానే కావాలి.