సమస్య: "రైలు తప్పినఁ గచ్చేరి రక్తి గట్టె" (పూరణలు, చర్చ)

నిర్వాహకుడు:
ఈ వారం సమస్య. ఇది తేటగీతి పద్యానికి చివరి పాదం, పై మూడు పాదాలు మీరు పూరించాలి:

రైలు తప్పినఁ గచ్చేరి రక్తి గట్టె

ఊరు హైదరాబాదు, వేళ సాయంత్రం. చోటు రవీంద్రభారతి లాంటి పెద్ద హాలు కాదు, నలభై మంది జంపఖానా మీద సర్దుకుని కూర్చునే గది. ఊరు దాటిపోవలసిన శ్రోతను మరవకండి. రైలు తప్పడం కచేరీకి ఎలా మేలు చేసిందో ఆ కారణం పద్యంలోనే ఉండాలి. "కచ్చేరి"ని "కచేరి"గా దిద్దమని ఇప్పటికే ఇద్దరు రాశారు. దిద్దితే అక్కడ ఇంద్రగణం (ఆ చోట ఛందస్సు కోరే అక్షరాల కూర్పు) ఉండదు, అలాగే ఉంచండి.

నిత్యశ్రోత:

బాటసారికి తొమ్మిదింబావు బండి
తనికి ముందుగ నడుమనే తరలఁబోవ
వాన యడ్డమై మంగళంబంత వినెను
రైలు తప్పినఁ గచ్చేరి రక్తి గట్టె

గురులఘువు:
"తొమ్మిదింబావు" గణంలో అంత సుఖంగా కూర్చోవడం చూసి రెండుసార్లు చదువుకున్నాను. కానీ మూడో పాదం చూడండి. మంగళంబు + అంత. యతి అంటే పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరం జోడు కావడం. సంధి జరిగిన చోట పరపదం అచ్చుకే యతి చెల్లాలి. మీరు "బ" చూసి "వా"తో కలిపేశారు. అక్కడున్నది "అ".

నిత్యశ్రోత:
నిజమే గురులఘువు గారూ. ఇలా మారుస్తున్నాను:

వాన యడ్డమై తిల్లానవరకు నిలిచె

గురులఘువు:
ఇప్పుడు యతి కుదిరింది, అర్థమూ పెరిగింది. మంగళం అందరూ వింటారు, చెప్పులు వెతుక్కుంటూ కూడా వింటారు. దానికి ముందు పాడే తిల్లానా దాకా ఉన్నవాడే శ్రోత.

తొప్పి:
యతి సంగతి మీరు చూసుకున్నారు, కాలం లెక్క నేను చెబుతాను. ఆరున్నరకు మొదలైన రెండున్నర గంటల కచేరీ అనుకోండి. వర్ణం, రెండు మూడు కృతులు అయ్యేసరికి ఏడుంబావు. ప్రధాన రాగం ఆలాపన, కృతి, నెరవు (ఒకే పాదాన్ని రకరకాలుగా పాడడం), స్వరకల్పన (అప్పటికప్పుడు స్వరాలు అల్లడం) కలిపి ముప్పావు గంట. అంటే ఎనిమిదింటికి తని ఆవర్తనం, మృదంగం ఒక్కటే వాయించే ఘట్టం, అది పది పదిహేను నిమిషాలు. ఆ తర్వాత తుక్కడాలనే చిన్న పాటలు, తిల్లానా, మంగళం. తొమ్మిదింబావు బండికి ఎనిమిదింబావుకైనా లేవాలి కనుక తని విని వెళ్లే వీలుంది. "తనికి ముందుగ" లేచాడంటే తొందర రైలుది కాదు, మనిషిది. పద్యంలో ఆ దోషం బాటసారికి తగులుతోంది, గమనించండి.

ఒకటి మాత్రం ఖండితంగా చెబుతాను. బండి ఉన్నవాడు గుమ్మం పక్కన కూర్చోవాలి, కృతికీ కృతికీ నడుమ లేవాలి. మృదంగం విద్వాంసుడికి మొత్తం కచేరీలో తనదంటూ ఉన్నది ఆ పావుగంటే. అప్పుడే సగం గది లేస్తుంది.

నిత్యశ్రోత:
తొప్పి గారూ, బాటసారి చిక్కడపల్లిలో ఉంటే మీ లెక్క సరే. అక్కడ మెట్రో ఎక్కితే నాలుగో స్టేషను సికింద్రాబాద్ వెస్టు, అక్కడి నుంచి రైల్వే స్టేషనుకు నడక. బండి నాంపల్లిలో అయితే ఎంజీబీఎస్‌లో దిగి ఎర్ర లైనుకు మారాలి. సామాను, మెట్లు, వాన. ముందుగా లేచినవాణ్ణి తప్పు పట్టలేం.

సారణి:

స్వరపుఁ బెట్టెలు జతగూర్చి పరుగులెత్త
గమక మెక్కడ నిలుచును గాలిలోన?
చౌకమున నిల్చి పల్లవి సాగఁదీసె
రైలు తప్పినఁ గచ్చేరి రక్తి గట్టె

తొప్పి:
అమ్మా, రైలును పట్టాల మీంచి దింపి గొంతులోకి ఎక్కించారు! కచేరీ తెలిసినవాళ్లకే వచ్చే ఊహ ఇది. రెండో పాదం దగ్గర ఆగిపోయాను. తోడి రాగపు గాంధారం ఊగాలంటే (గమకమంటే ఆ ఊపే) దానికి చోటు కావాలి. రెండో కాలంలో స్వరాలు దొర్లించేటప్పుడు ఆ ఊపు సగంలో తెగి, గాంధారం బల్లపరుపుగా పడుతుంది. వినేవాడికి స్వరం పేరు వినిపిస్తుంది, రాగం వినిపించదు.

ఈ గదికి ఇంకో కారణం కూడా ఉంది. తెరలు లేని ఉత్త గోడల గదిలో ధ్వని తిరిగి వస్తుంది. వేగంగా పాడిన స్వరం మీద ముందు స్వరం ప్రతిధ్వని వచ్చి పడి రెండూ అలుక్కుపోతాయి. జంపఖానా, కిటికీలకు తెరలు, నిండా మనుషులు ఉంటే కొంత తగ్గుతుంది. చౌకకాలంలో, అంటే నిదానంగా పాడితే, ఆ ప్రతిధ్వనే తంబురలా తోడు నిలుస్తుంది. రైలు తప్పినందుకు కచేరీ బాగుపడిందనడానికి ఇంతకన్న గట్టి కారణం నాకు కనబడదు.

గురులఘువు:
ఊహ గొప్పదే, ఒప్పుకుంటున్నాను. "సాగఁదీసె" మాత్రం మింగుడుపడదు. పాటను సాగదీశాడంటే విసుగు పుట్టించాడని తెలుగువాడి చెవికి. పొగడబోయి తిట్టినట్టయింది. మొదటి పాదంలో ప్రాసయతి (మొదటి అక్షరాలకు బదులు రెండో అక్షరాలు కలపడం) వేసి తప్పించుకోవడం కూడా సారణి గారికి అలవాటే.

సారణి:
ప్రాసయతి తేటగీతికి చెల్లుతుంది, అది తప్పించుకోవడం కాదు. "సాగఁదీసె" మీద మీ మాట సరైనది. దిద్దుకుంటున్నాను:

చౌకమున నిల్చి పల్లవి చక్కఁదీర్చె

ఇక అలవాట్ల మాట వచ్చింది కనుక అడుగుతున్నాను. కిందటిసారి మీ పూరణలో "సందెకచ్చేరి భూపాల సరళిఁ బాడె" అని ఉంది. తెల్లవారుజాము రాగాన్ని సందెవేళ పాడించి ఇంతవరకు దిద్దలేదు. భూపాలం, బౌళి, మలయమారుతం పొద్దుపొడుపువి, బిళహరి ఉదయానిది. సాయంత్రానికి పూర్వికల్యాణి ఉంది, వసంత ఉంది, కల్యాణి ఉంది. యతి చూసే కంటితోనే రాగం కూడా చూడాలి కదా.

గురులఘువు:
మన కచేరీల్లో వేళ నియమం హిందుస్తానీ వాళ్లంత గట్టిగా పాటించరు. సాయంత్రం బిళహరి పాడినవారిని ఎవరూ ఆపలేదు.

సారణి:
బిళహరిని ఆపరు. భూపాలం పేరు వినగానే మేలుకొలుపు గుర్తొస్తుంది. పద్యంలో పేరు వేస్తే పాఠకుడు ముందు వేళనే చూస్తాడు. పైగా దిద్దడానికి మీకు కష్టం కూడా లేదు. "భూపాల" తీసి "కల్యాణి" పెట్టండి. అదే గణం, యతిని తాకదు.

గురులఘువు:
సందెకచ్చేరి కల్యాణి సరళిఁ బాడె. బాగుంది. పాత పూరణలో మార్చేశాను, మీ పేరు చెప్పే మార్చాను. ఇప్పుడు నా పూరణ చూడండి:

కూఁతకూఁతకుఁ దంబుర కుదురు చెడియె
రాగ మెత్తెడు వేళనే రాకపోక
దారి మళ్ళించి రయ్యది దైవకృపను
రైలు తప్పినఁ గచ్చేరి రక్తి గట్టె

నిత్యశ్రోత:
"తప్పినఁ" మీద విరుపు అద్భుతం! గండం తప్పింది, వాన తప్పింది అన్నట్టు రైలు తప్పింది. మేమంతా అందుకోలేకపోవడమే పట్టుకుని కూర్చున్నాం, తెలుగులో ఆ మాటకున్న రెండో అర్థం ఎదురుగానే ఉంది. విద్యానగర్, జామై ఉస్మానియా వైపు పట్టాల పక్క మేడల మీద కూర్చున్నవాళ్లకు ఈ పద్యం వెంటనే తగులుతుంది.

సారణి:
విరుపుకు నా నమస్కారం. కానీ "తంబుర కుదురు చెడియె" అనకూడదు. కూత వినబడినంత మాత్రాన తంబుర శ్రుతి మారదు. తంబుర చెడేది వేరే కారణాలకు: బిరడా జారితే, పూస కదిలితే, జీవ పక్కకు తొలగితే. తీగలు ఆనే గుర్రం మీద తీగ కింద నిలిపే ఆ నూలుపోగు, జీవ, గోరంత జరిగినా రొద చచ్చి, తీగ ఉత్త టంగుమని ఆగిపోతుంది. కూతకు చెడేది పాడేవాడి చెవి.

గురులఘువు:
అమ్మా, కుదురంటే నేను శ్రుతి అనలేదు, కుదురే అన్నాను. పంచమం, రెండు సారణులు, మంద్రం అనే నాలుగు తీగలు వరసగా మీటుతూ బిరడాతో దగ్గరికి తెచ్చి, పూసతో వెంట్రుకవాసి సరిచేసి, చివర జీవ నిలుపుతారు. ఈ పని మొత్తం చెవితోనే. నడుమ కూత పడితే అది దాటేదాకా చెయ్యి ఆపి మళ్లీ పంచమం నుంచి మొదలుపెట్టాలి. తంబుర కుదురు చెడడమంటే అదే.

సారణి:
అలా చదివితే నిలుస్తుంది. అయితే రెండో పాదంలో "రాగ మెత్తెడు వేళ" అన్నారు. శ్రుతి చేయడం రాగం ఎత్తకముందే అయిపోతుంది.

తొప్పి:
ఎక్కడ అయిపోతుంది సారణి గారూ! గదిలో ఏసీ ఉంటే మృదంగం కుడివైపు తోలు బిగిసి శ్రుతి పైకి పోతుంది. తొప్పికి, అంటే ఎడమవైపుకు, పెట్టిన రవ్వ ముద్ద ఆరితే అదీ పైకి పోతుంది, నడుమలో నీళ్లు అద్దుకోవాలి. రెండు కృతులకోసారి రాయి తీసి అల్లిక మీద కొట్టి సరిచేయడం మామూలే. తంబురా అంతే, నడుమ నడుమ చూసుకుంటూనే ఉంటారు. గురులఘువు గారి పద్యం నిలబడుతుంది.

చిక్కడపల్లి శ్రోత:

వయొలినాతఁడు రాఁడాయె, వట్టి గొంతు
తంబురా యొకండె తోడయి తనివి నింపె
నలుబదుగురున్న గదిలోన నాదమొదవె
రైలు తప్పినఁ గచ్చేరి రక్తి గట్టె

గురులఘువు:
రెండో పాదం. "తంబురా" అని దీర్ఘం వేయగానే రెండో గణం విరిగింది.

చిక్కడపల్లి శ్రోత:
చూసుకోలేదు గురులఘువు గారూ, దిద్దుతున్న:

తంబుర యొకండె తోడయి తనివి నింపె

గురులఘువు:
సరిపోయింది. ఒక్క దీర్ఘం పోయేసరికి పాదం ఎంత తేలికయిందో చూడండి.

తొప్పి:
శ్రోత గారూ, రైలు తప్పినవాడు పక్కవాద్యం మనిషి కావడం ఈ మొత్తంలో కొత్త ఊహ. దానికి మెచ్చుకుంటున్నాను. కానీ నిర్వాహకులు అడిగిన కారణం కనబడలేదు. వయొలిన్ లేకపోతే కచేరీకి నష్టమే ఎక్కువ. ఆలాపనలో గాయకుడు ఒక సంగతి విడవగానే వయొలిన్ దాన్ని అందుకుని పట్టి ఉంచుతుంది, ఆ లోపల గొంతుకు ఊపిరి దొరుకుతుంది. తర్వాత వయొలిన్ వంతు ఆలాపన వస్తుంది, అప్పుడు ఐదారు నిమిషాల విశ్రాంతి. అవన్నీ పోతే రెండున్నర గంటలు ఒక్క గొంతు మోయలేదు. గంటన్నరకు కుదించుకోవాలి, స్వరకల్పన తగ్గించాలి.

చిక్కడపల్లి శ్రోత:
కారణం మూడో పాదంలనే ఉన్నది తొప్పి గారూ. నలభై మంది గది. మైకు అక్కర్లేదు. మైకు లేని చిన్న గదిలో వయొలిన్ కమాను కొంచెం గట్టిగ పడ్డా గొంతు దాని కింద మునుగుతది. ఒకటో శ్రుతిలో మంద్రానికి, అంటే కింది స్థాయికి, దిగిన మగ గొంతయితే మరీ. పెద్ద హాలుల వయొలిన్ లేకుంటే బోసిపోతది, ఈ గదిల మంద్ర షడ్జం వినబడుడే లాభం. "నాదమొదవె" అన్నది అందుకే.

తొప్పి:
మంద్ర షడ్జం మాట పద్యంలో ఉంటే ఈ ప్రశ్నే వచ్చేది కాదు. వాదన ఒప్పుకుంటున్నాను, పద్యంలోకి తేవాలి. నా మృదంగం మాట కూడా ఎత్తలేదు మీరు! అలాంటి గదిలో ఎక్కడ కూర్చోవాలో చెబుతాను. మృదంగం గాయకుడికి కుడిపక్కన, అంటే మనకు ఎడమవైపు ఉంటుంది. కుడిమొహం మన వైపు తిరిగి ఉంటుంది. ఆ పక్క మొదటి వరసలో కూర్చుంటే చాపు దెబ్బలే చెవి నిండా. రెండు మూడు వరసలు వెనక్కి, నడుమకు జరిగితే గొంతు, తంబుర, మృదంగం సమంగా అందుతాయి. వయొలిన్ ఉంటే కుడివైపు.

నిర్వాహకుడు:
అందరివీ చదివాను. నిత్యశ్రోత గారి "తొమ్మిదింబావు బండి", తిల్లానాతో వచ్చిన సవరణ రెండూ నచ్చాయి. శ్రోత గారి ఊహ కొత్తది, తొప్పి గారు చెప్పినట్టు ఇంకో పాదం పని మిగిలింది. "తప్పినఁ" మాటలోంచి గురులఘువు గారు రెండో అర్థం తీయడం సమస్యాపూరణంలో నేను ఎదురుచూసే పని. అయినా ఈ వారం మొదటి స్థానం సారణి గారికే. మిగిలిన పూరణల్లో రైలు కచేరీకి బయట ఉంది, అది తప్పడం వల్ల లోపల మేలు జరిగింది. ఆమె పద్యంలో రైలు కచేరీలోనే ఉంది, గాయకుడు దాన్ని ఆపాడు. "సాగఁదీసె" అలాగే ఉండి ఉంటే ఈ మాట అనేవాణ్ణి కాదు, ఆ దిద్దుబాటులో గురులఘువు గారికీ పాలుంది.

వచ్చేవారానికి:

తంత్రి తెగిన వీణయె చాల తనివి నొసఁగె

గురులఘువు:
సారణి గారికి అభినందనలు. దిద్దిన పాదంతోనే దాచుకోండి.

సారణి:
ధన్యవాదాలు. నిర్వాహకులు గారూ, తెగింది ఏ తంత్రి? వాయించే నాలుగింటిలో ఒకటా, పక్కనున్న మూడు తాళం తీగల్లో ఒకటా? తాళం తీగైతే కచేరీ సాగుతుంది. వాయించే ముఖ్యమైన తీగ, సారణి, తెగితే ఆ పద్యం వేరే.

నిర్వాహకుడు:
అది మీరే తెంచుకోండి.