గజ్జి సోకిన ఇంట్లో కార్పెట్, సోఫా శుభ్రం చేయించాలా?

చీపురుపల్లి నుంచి, ప్రస్తుతం లెస్టర్:

పెద్దలందరికీ నమస్కారం. నేనూ మావారూ లెస్టర్ వచ్చి నాలుగు నెలలైంది. నేను ఒక వృద్ధాశ్రమంలో కేర్ వర్కర్‌గా పనిచేస్తున్నాను. అక్కడ ఇద్దరు పెద్దవాళ్లకు గజ్జి ఉన్నట్లు పోయిన వారం తేలింది. నాకు కూడా పది రోజులుగా రాత్రిళ్లు వేళ్ల సందుల్లోనూ మణికట్టు దగ్గరా నిద్ర పట్టనంత దురద. డాక్టరు చూసి గజ్జేనని చెప్పి పూతమందు రాశారు. మావారికి దురదేమీ లేదు. మేముంటున్న అద్దె ఇంట్లో గదిగదికీ కార్పెట్ ఉంది, ఇంటివాళ్ల గుడ్డ సోఫా ఉంది. సంగతి తెలిసి, ఇల్లు అద్దెకిప్పించిన ఏజెన్సీ వారు కార్పెట్లు, సోఫా, పరుపు మా ఖర్చుతో కంపెనీ చేత శుభ్రం చేయించి రసీదు చూపించమంటున్నారు. ఒక కంపెనీ పురుగుమందు కూడా కలిపి 220 పౌండ్లు అడిగింది. ఒకసారి చేయిస్తే పురుగు పోతుందా? మా అమ్మ పాత చీరలతో కుట్టి ఇచ్చిన బొంత పారేయవలసిందేనా? తెలిసినవారు చెప్పగలరు.

టెక్కలి నుంచి, మాంచెస్టర్:

చెల్లెమ్మా, మందు సంగతి డాక్టరు చూసుకుంటారు, మీరు ముందు డిపాజిట్ సంగతి చూసుకోండి. నేను ఈ దేశం వచ్చింది 2009లో, ఇప్పటికి ఏడు ఇళ్లు మారాను. 2013లో నలుగురం కలిసి ఉన్న ఇంట్లో ఒకడికి గజ్జి వచ్చింది, నెల తిరిగేసరికి నలుగురమూ గోక్కుంటున్నాం. కంగారుపడి ఫోనులో దొరికిన మొదటి మనిషిని పిలిచాం. అతను వ్యానులోంచి గొట్టం లోపలికి లాగి, నలభై నిమిషాల్లో మూడు గదులూ తడిపేసి, 150 పౌండ్లు తీసుకుని వెళ్లిపోయాడు. అది నవంబరు నెల. బిల్లుకు భయపడి హీటింగ్ వేయలేదు, వాన పడుతోందని కిటికీలు తీయలేదు. మూడో రోజు కూడా మేజోళ్లతో అడుగు పెడితే చెమ్మ తగిలేది. వారం గడిచేసరికి ఇల్లంతా వానాకాలంలో తడి గోనెలు పేర్చిన కొట్టులా ముక్కవాసన. గజ్జి మాత్రం ఎక్కడికీ పోలేదు. తలా ఒక రోజు మందు రాసుకుంటూ సంక్రాంతి దాకా లాక్కొచ్చాం.

అసలు దెబ్బ ఇల్లు ఖాళీ చేసేటప్పుడు తగిలింది. వాసన పోగొట్టడానికని ఏజెన్సీ డిపాజిట్లో 240 పౌండ్లు కోస్తానంది. అద్దె డిపాజిట్లను కాపాడే పథకం వారి మధ్యవర్తికి రాసుకున్నాం. తీరా చూస్తే మాకు అడ్డం తిరిగింది మా సంతకాలే. దిగిన రోజున ఇచ్చిన ఇన్వెంటరీలో, అంటే ఇల్లూ సామానూ ఏ స్థితిలో ఉన్నాయో రాసిన జాబితాలో, కార్పెట్లు కంపెనీ చేత శుభ్రం చేయించినవనీ, ఎక్కడా మరక లేదనీ రాసి ఉంది. మెట్ల దగ్గర అరచేయంత టీ మరక మొదటి రోజే ఉంది కాని, మేము చదవకుండా సంతకం పెట్టాం, ఫొటో కూడా తీయలేదు. 240లో 160 పోయాయి. ఇప్పుడు మీకు ఆ బాధ లేదు. 2019 జూన్ 1 నుంచి వచ్చిన చట్టం ప్రకారం ఇంటివాడు క్లీనింగ్ మాటే ఎత్తకూడదు. ఒక్క పెన్నీ కూడా ఇవ్వకండి.

బొబ్బిలి నుంచి, లీడ్స్:

నేను ఫార్మసీలో పనిచేస్తాను. ఈ అమ్మాయి అడిగినదానికి జవాబు టెక్కలి అన్నయ్యగారి కథలోనే ఉంది, ఆయనే దాన్ని దాటి డిపాజిట్ దగ్గరికి వెళ్లిపోయారు. నలుగురూ తలా ఒక రోజు మందు రాసుకున్నారు కనుక ఒకరి నుంచి ఒకరికి మళ్లీ మళ్లీ అంటుకుంది. అందులో కార్పెట్ తప్పేమీ లేదు.

గజ్జి పురుగు కాపురం చర్మంలోనే. ఆడపురుగు చర్మం పైపొరలో సొరంగం తవ్వి గుడ్లు పెడుతుంది. మనిషి ఒంటి మీద నెల నుంచి రెండు నెలలు బతికే ఆ పురుగు, ఒంటిని వదిలితే మామూలుగా 2, 3 రోజులకు మించి బతకదు. మామూలు గజ్జిలో ఒళ్లంతా కలిపి ఉండేవి 10 నుంచి 15 పురుగులే. అందుకే ఇది ఎక్కువగా ఒళ్లూ ఒళ్లూ చాలాసేపు తగలడం వల్ల అంటుతుంది. మొదటిసారి సోకినవారికి దురద మొదలవడానికి 2 నుంచి 6 వారాలు పడుతుంది కనుక, మీ వారికి దురద లేదంటే పురుగు లేదని అర్థం కాదు. ఇద్దరూ ఒకే రాత్రి రాసుకోండి. మీకు రాసినది 5 శాతం పెర్మెత్రిన్ (గజ్జి పురుగును చంపే మందు) ఉన్న పూత అయితే వేళ్ల సందులు, గోళ్ల కింద, అరికాళ్లు ఏదీ వదలకుండా రాసి, 8 నుంచి 12 గంటలు ఉంచుకుని, మధ్యలో చేతులు కడిగితే అక్కడ మళ్లీ రాయాలి. 7 రోజుల తర్వాత ఇద్దరూ మరొకసారి రాసుకోవాలి. పురుగు చచ్చాక కూడా కొన్ని వారాలు దురద ఉండవచ్చు. దాన్ని చూసి మందు పనిచేయలేదని సోఫా మీద పడకండి.

మందు రాసుకున్న రోజే దుప్పట్లు, తువ్వాళ్లు, కట్టి విడిచిన బట్టలు 60 డిగ్రీల వేడిలో ఉతకండి. బొంత పారేయమన్నవారి మాట వినకండి. ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి బిగించి మూడు రోజులు ఉంచితే చాలు, నేనైతే నా తృప్తికి వారం ఉంచుతాను. సోఫాను, కార్పెట్‌ను వాక్యూమ్ చేసి, సోఫాలో మూడు రోజులు కూర్చోకండి. పురుగుమందు కొట్టించడం మాత్రం అసలే వద్దు, అది గజ్జికి ఎవరూ సిఫారసు చేయని పని. పైగా అలాంటి మందుల్లో తరచూ ఉండే పెర్మెత్రిన్ పిల్లులకు విషం. మీ ఇంటికి పిల్లి వచ్చిపోతుంటే పూతమందు విషయంలోనూ జాగ్రత్త.

ఒక్క సందర్భం వేరు. పెద్దవాళ్లలో, రోగనిరోధక శక్తి తగ్గినవారిలో పొలుసులు కట్టే గజ్జి ఒకటి వస్తుంది. వారి ఒంటి మీద పురుగులు వేల నుంచి లక్షల దాకా ఉంటాయి, రాలిన పొలుసుల్లోనూ ఉంటాయి. అలాంటివారు ఉండే గదిని మాత్రం శ్రద్ధగా శుభ్రం చేయాలి. మీ ఆశ్రమంలో ఉన్నది ఏ రకమో మేనేజరును అడిగి తెలుసుకోండి.

రాజాం నుంచి, బర్మింగ్‌హామ్:

నేను ఆరేళ్లు కార్పెట్లు కడిగే పనే చేశాను కాబట్టి ఆ ముక్క నన్ను చెప్పనివ్వండి. జనం స్టీమ్ అనేది నిజానికి ఆవిరి కాదు, వేడినీళ్లు పీచులోకి చిమ్మి వెంటనే పీల్చేయడం. గజ్జి పురుగు చావాలంటే 50 డిగ్రీల వేడి 10 నిమిషాలు తగలాలి. మెషీన్‌లో నీళ్లు ఎంత వేడిగా ఉన్నా కార్పెట్‌ను తాకిన క్షణాల్లో చల్లారిపోతాయి. మురికి, మరక పోవడానికి ఈ పద్ధతిని మించినది లేదు, పురుగును చంపడానికి మాత్రం ఇది సాధనం కాదు. కంపెనీలు ప్రకటనల్లో బొద్దుగా చూపించే పురుగు ఇంటి దుమ్ములో బతికే మైటు అనే వేరే పురుగు. అది రాలిన చర్మపు పొట్టు తింటుంది, కొందరికి తుమ్ములూ ఆయాసమూ తెప్పిస్తుంది కాని కుట్టదు, చర్మంలోకి దూరదు. రెంటినీ ఒకటే చేసి బేరమాడటం ఆ వ్యాపారంలో పాత అలవాటు, నేనూ కొంతకాలం నోరు మూసుకుని ఊరుకున్నాను. చెమ్మ మిగిలితే ఆ దుమ్ము మైటుకే మేలు.

టెక్కలి బావగారు చట్టాన్ని సగమే చెప్పారు. ఇంగ్లండులో ఆ చట్టం వచ్చాక కంపెనీ చేతనే శుభ్రం చేయించాలని అద్దెదారును బలవంతపెట్టకూడదు, నిజమే. కాని ఇల్లు వదిలేటప్పుడు సహజమైన అరుగుదల పోను, దిగిననాడు ఎంత శుభ్రంగా ఉందో అంత శుభ్రంగా అప్పగించాలి. అలా లేకపోతే డిపాజిట్లో కోత అడగవచ్చు. ఒక్క పెన్నీ ఇవ్వకండని కొత్తవాళ్లకు చెప్పేస్తే రేపు వాళ్లే ఇరుక్కుంటారు.

టెక్కలి నుంచి:

2022లో రాజాం మా శ్రీకాకుళం జిల్లా నుంచి విజయనగరం జిల్లాలోకి వెళ్లినప్పటి నుంచి బావగారు మా మాట ఏదీ సగానికి మించి ఒప్పుకోవడం లేదు. నేను డబ్బు పోగొట్టుకున్నవాణ్ని, ఆయన పుచ్చుకున్నవారు, తేడా అక్కడే ఉంది. అయినా నిజమైన ఆవిరి వదిలే చేతిమెషీన్ మా ఇంట్లో ఉంది. వంద డిగ్రీల ఆవిరి సోఫాకు పట్టిస్తే ఏ పురుగు బతుకుతుంది?

రాజాం నుంచి:

పురుగు చస్తుంది, దానితోపాటు సోఫా కూడా. విస్కోస్ కలిసిన గుడ్డ ఆవిరి తగిలితే ముడుచుకుపోతుంది, ఆ సోఫా ఇంటివాళ్లది. కుషన్ కింద చీటీ మీద ఎక్స్ అనే గుర్తు ఉంటే దానికి వాక్యూమ్ తప్ప నీళ్లూ ఆవిరీ ఏదీ తగలకూడదు. మూడు రోజులు కూర్చోకుండా ఉంటే తీరే పనికి అంత సాహసం దేనికి?

చీపురుపల్లి నుంచి:

అందరికీ కృతజ్ఞతలు. ఆశ్రమంలో ఉన్నది మామూలు గజ్జేనని మేనేజరు చెప్పారు. నిన్న రాత్రి ఇద్దరం మందు రాసుకున్నాం. మావారు తెల్లవారుజామున మరిచిపోయి చేతులు కడుక్కుంటే నిద్ర లేచి మళ్లీ రాశాను. ఏజెన్సీకి పురుగు సంగతి వివరిస్తూ, వాక్యూమ్ మేమే చేశామని ఈమెయిల్ పెట్టాను, ఇంకా జవాబు రాలేదు. మా ఇన్వెంటరీ ఇప్పుడు తీసి చదివాను. పడకగది కార్పెట్ మీద కిటికీ పక్కన మరక ఉందని వాళ్లే రాశారు. దానికి ఈరోజు ఫొటో తీసి పెట్టుకున్నాను. బొంత సంచి మీద తేదీ వేసి మెట్ల కింద పెట్టాను. సోఫాకు చీటీ లేదు, ఎవరో ఎప్పుడో కత్తిరించేశారు. టెక్కలి అన్నయ్యగారు, మీ మెషీన్ మీ దగ్గరే ఉంచండి.