ఒకే ఫాలికిల్‌లో (అండాశయంలో అండం పెరిగే సంచి) పీకేఏ (ప్రోటీన్ కైనేజ్ ఏ అనే ఎంజైమ్) పని ఒకచోట పెరగాలి, ఇంకోచోట తగ్గాలి, ఎలా?

రీప్రొడక్టివ్ ఫిజియాలజీ చదివినవాళ్లు ఎవరైనా ఉంటే కాస్త చెప్పండి. ఎల్‌హెచ్ (అండం విడుదల చేయించే హార్మోన్) ఒక్కసారిగా పెరగ్గానే అండకణం చుట్టూ ఉండే గ్రాన్యులోసా కణాల్లో సైక్లిక్ ఏఎంపీ (కణం లోపల సంకేతాలు మోసే చిన్న అణువు) పెరిగి ప్రోటీన్ కైనేజ్ ఏ పని మొదలుపెడుతుంది, దాని వెనకే ఈజీఎఫ్ రిసెప్టర్ (కణం పైపొరలో సంకేతం అందుకునే ప్రోటీన్) ద్వారా ఈఆర్‌కే 1, 2 (ఇవీ కైనేజ్ ఎంజైములే) కూడా, ఇంతవరకు ఓకే (చిట్టెలుకల్లో ఈ కణాల నుంచి ఆ రెండూ తీసేస్తే అండం విడుదలే కాదు మరి). కానీ అదే ఫాలికిల్ మధ్యలో ఉన్న అండకణంలో మాత్రం పీకేఏ తగ్గితేనే మియోసిస్ (మధ్యలో ఆగి ఉన్న కణవిభజన) మళ్లీ కదులుతుంది! చుట్టూ ఉన్న కణాల నుంచి వచ్చే సైక్లిక్ జీఎంపీ (అలాంటిదే ఇంకో సంకేత అణువు) పడిపోతే, అప్పటిదాకా దానివల్ల అణిగి ఉన్న పీడీఈ3ఏ అనే ఎంజైమ్ లోపలి సైక్లిక్ ఏఎంపీని విరగ్గొడుతుంది, అదీ అర్థమైంది.

నా డౌట్ ఏంటంటే, ఈఆర్‌కే కనెక్సిన్ 43 అనే ప్రోటీన్‌కి ఫాస్ఫేట్ తగిలించి గ్యాప్ జంక్షన్లు (పక్కపక్క కణాల మధ్య ఆ ప్రోటీన్‌తో ఏర్పడే దారులు) మూయించడం, చుట్టూ ఉన్న కణాల్లో సైక్లిక్ జీఎంపీ తయారీ తగ్గడం, ఈ రెండిట్లో ఏది ముందు? ఒకటి చాలా, రెండూ కావాలా? ఏ ప్రయోగంతో తేల్చారో కూడా చెబితే ఇంకా మంచిది, పరీక్షకి బట్టీపట్టే జవాబు మాత్రం వద్దు.