అప్‌డేట్: పార్కు గోడ పక్క బండ్ల సంగతి

హైదరాబాద్‌లో మా కాలనీ పార్కు బయట చిరువ్యాపారుల బండ్లన్నీ తీసేయాలని కొత్త అపార్ట్‌మెంట్ల వాళ్లు పట్టుబడుతున్నారు, ఏం చేయాలని పోయిన నెల అడిగాను. మీరు చెప్పిన 2014 వీధి వ్యాపారుల చట్టం చదివాను. వ్యాపారుల సర్వే పూర్తయి, అందరికీ వ్యాపార సర్టిఫికెట్లు ఇచ్చేదాకా ఎవర్నీ ఖాళీ చేయించకూడదట. వీధి వ్యాపారాల సంగతి చూసే టౌన్ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం వ్యాపారులే ఉండాలట. అది చెప్తే పూలమ్మే అక్క, "నిజంగా మేమూ కూర్చోవచ్చా?" అని రెండుసార్లు అడిగింది.

ఆదివారం వేపచెట్టు కింద చాపలు పరిచి అందరం కూర్చున్నాం. అపార్ట్‌మెంట్ల నుంచి ఐదుగురు వచ్చారు. వాళ్ల అసలు బాధ చెత్త, పార్కింగ్. అది న్యాయమే. బండ్లు గేటుకు ఎడమపక్కకి జరిగాయి. సుద్దముక్కతో గీత గీసింది మిర్చిబండి ఆయనే. సాయంత్రం గేటుకు తాళం వేయాలన్న మాట మాత్రం తేలలేదు. బస్తీ పిల్లలు ఆడుకునేది అప్పుడే, అందుకే తాళానికి నేను ఒప్పుకోను.